మెత్తని అట్ట, గట్టి తగాదా

తెలుగు పుస్తకాలను ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల జాబితా ఏది తీసినా పుస్తకం పేరు పక్కన "పేపర్‌బ్యాక్" అని ఉంటుంది. శతకమైనా, డిటెక్టివ్ నవలైనా, రెండు చేతులతో పట్టుకోవాల్సిన సిద్ధాంత గ్రంథమైనా అదే మాట. తెలుగులో ఇవాళ గట్టి అట్టతో వచ్చే పుస్తకాలు ఎటూ తక్కువే. అన్నిటికీ ఒకే ముద్ర కొట్టాక ఆ ముద్ర దేన్ని దేని నుంచి వేరు చేస్తోందో అంతుపట్టదు.

పోనీ మాట అర్థమైనా తేలిందా అంటే అదీ లేదు. అచ్చాఫీసులో అడిగితే అది బైండింగులో ఒక రకం. 1970లలో నవలలు చదివిన పాఠకులను అడిగితే అది పాకెట్ బుక్కు, అంటే ఒక సైజు, ఒక ధర. ఆ రోజుల విమర్శకుల వాడుకలో అది ఒక స్థాయి, అదీ కింది స్థాయి. గ్రంథాలయాల వాళ్లకు అది ఏడాది తిరక్కుండా బైండుకు పంపాల్సిన పుస్తకం. ఇంతమంది ఇన్ని అర్థాలు మనసులో పెట్టుకుని ఒకే మాటతో వాదించుకోవడం వల్ల, "పేపర్‌బ్యాకులు తెలుగు సాహిత్యాన్ని చెడగొట్టాయా, బతికించాయా" అన్న పాత ప్రశ్న ఎటూ తెగకుండా సాగుతూ వచ్చింది. ఆ వాదాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే బయటపడేది ఒకటుంది. తెలుగులో ఈ మాటల అర్థాన్ని అట్ట నిర్ణయించింది తక్కువ, పుస్తకం అమ్ముడుపోయిన చోటు నిర్ణయించింది ఎక్కువ.

సాదా, కాలికో

నెల్లూరు జిల్లా సముద్రతీరంలో విడవలూరు మండలం ఉంది. అక్కడి వావిళ్ల అనే ఊరు తెలుగు అచ్చు చరిత్రలో ఒక ఇంటిపేరుగా నిలిచింది. వావిళ్ల రామస్వామి శాస్త్రులు 19వ శతాబ్దం మధ్యలో మద్రాసులో ముద్రణాలయం పెట్టారు. ఆయన కుమారుడు వెంకటేశ్వర శాస్త్రులు (1884-1956) దాన్ని "వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్"గా పెంచారు. కావ్యాలు, శాస్త్రాలు, నిఘంటువులు, సంస్కృత గ్రంథాలకు తెలుగు లిపి ముద్రణలు, పెద్దబాలశిక్ష ఇలా ఆ సంస్థ వేయని రకం లేదనే చెప్పాలి.

వావిళ్ల వారి గొప్ప తెలియాలంటే వాళ్లు ఎవరితో పోటీ పడ్డారో చూడాలి. మద్రాసు గుజిలీ బజారులో చవక కాగితం మీద, తప్పుల తడకగా, ఎవరు పరిష్కరించారో తెలియకుండా అమ్ముడయ్యే పుస్తకాలకు "గుజిలీ ప్రతులు" అని పేరుండేది. పండితులు ఆ మాటను తిట్టుగానే వాడారు. గుర్తుంచుకోవాల్సిందేమంటే, ఆ తిట్టులో అట్ట ప్రస్తావనే లేదు. బజారు పేరే తిట్టయింది.

ఆ కాలపు మంచి ప్రచురణకర్తలు పుస్తకం వెలను రెండు రకాలుగా వేసేవారు: సాదా ప్రతికి ఒక వెల, కాలికో ప్రతికి ఒక వెల. లోపలి ఫారాలు రెండింటికీ ఒకటే, కాగితం ఒకటే, అచ్చుతప్పులు కూడా ఒకటే. తేడా అంతా పైన చుట్టిన గుడ్డకూ దాని కింది దళసరి అట్టకూ. కొన్నవాళ్లు సాదా ప్రతిని తమ ఊరి బైండరుకిచ్చి తమకు నచ్చిన రంగు గుడ్డ వేయించుకోవచ్చు, పక్కన తమ పేరు బంగారు అక్షరాల్లో కొట్టించుకోవచ్చు. ఫ్రాన్సులోనూ చాలాకాలం ఇదే ఆచారం: పుస్తకం పల్చని కాగితం చుట్టుకుని అంగడికి వస్తుంది, తోలు బైండు కొన్నవాడి బాధ్యత. అంటే ఆనాటి మెత్తని అట్ట, పుస్తకం ప్రయాణంలో ఒక మజిలీ. చవకదనానికీ దానికీ సంబంధం ఉందిగానీ చౌకబారుతనానికీ దానికీ లేదు.

ఈ వివేకం చట్టంలోకి కూడా ఎక్కింది. ప్రచురితమైన ప్రతి పుస్తకాన్నీ కొన్ని గ్రంథాలయాలకు ఉచితంగా అందజేయాలన్న 1954 నాటి కేంద్ర చట్టంలో చిన్న తేడా ఒకటుంది. కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఇచ్చే ప్రతి, ఆ ముద్రణలో అన్నిటికన్నా మేలైన కాగితం మీద అచ్చయి, బైండు చేసో కుట్టో ఉండాలి. మద్రాసు కన్నెమరా వంటి మిగతా గ్రంథాలయాలకు, ఎక్కువ ప్రతులు ఏ కాగితం మీద వేసి అమ్మారో ఆ రకం చాలు. కాలికో కలకత్తాకు, సాదా మద్రాసుకు అన్నమాట! చదివేవాళ్లు ఎక్కువగా ముట్టుకున్నది ఎలాంటి ప్రతో రేపటి పరిశోధకులకు తెలియాలంటే ఈ రెండోదే పనికొస్తుంది.

గౌరవం బైండులో ఉండదనడానికి వావిళ్ల చరిత్రలోనే ఇంకో సాక్ష్యం ఉంది. బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన ముద్దుపళని "రాధికా సాంత్వనం" 1910లో వావిళ్ల వారి ద్వారానే వెలువడింది. మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని అశ్లీలమని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం నిషేధం ఎత్తేసేదాకా ఆ ముద్ర పోలేదు. అంతటి పండిత సంస్థ పేరుండి కూడా ఆ పుస్తకానికి రక్షణ దొరకలేదు.

ప్లాట్‌ఫారం మీదికి దిగిన పుస్తకం

1899లో మద్రాసు, బెజవాడల మధ్య నెల్లూరు మీదుగా రైలు కలిశాక తెలుగు పుస్తకానికి కొత్త అంగడి దొరికింది. ప్లాట్‌ఫారం మీద హిగ్గిన్‌బాథమ్స్ వంటి దుకాణాల్లో ఇంగ్లిషు పుస్తకాలు, పత్రికలు ఉంటే, పెట్టెల్లోకి ఎక్కి దిగే కుర్రాళ్ల చేతుల్లో తెలుగు నవలలు ఉండేవి. కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912-1975) పేరు ఈ అంగడితో ముడిపడిపోయింది. వెయ్యి నవలల రచయితగా ప్రసిద్ధుడైన ఆయన పుస్తకాలు పల్చనివి, ఒక ప్రయాణంలో చదివి పారేయడానికి వీలైనవి. జంపన చంద్రశేఖరరావు దాదాపు అదే దారి. వీటిని అప్పుడు ఎవరూ పేపర్‌బ్యాకులనలేదు. "రైలు నవలలు" అన్నారు. మళ్లీ చూడండి, పేరు పెట్టింది అమ్మిన చోటే.

ఇంగ్లిషు పుస్తకాల సంగతి మరోలా నడిచింది. 1841 నుంచి జర్మనీలో టౌక్నిట్స్ సంస్థ, 1932 నుంచి అల్బట్రాస్ సంస్థ మెత్తని అట్టలతో ఇంగ్లిషు పుస్తకాలు వేస్తూనే ఉన్నాయి. 1935 జూలైలో అలెన్ లేన్ ఆరు పెన్నీలకొకటి చొప్పున పది పెంగ్విన్ పుస్తకాలు తెచ్చినప్పుడు పుస్తక వ్యాపారులు పెదవి విరిచారు. సబ్బులూ దారపుండలూ అమ్మే వూల్‌వర్త్స్ దుకాణాలు 63,500 ప్రతులకు ఆర్డరివ్వడంతో ఆ సంస్థ నిలబడింది. 1939లో అమెరికాలో మొదలైన పాకెట్ బుక్స్ సంస్థ 25 సెంట్లకు పుస్తకాన్ని మందుల షాపులకూ పత్రికల బంకులకూ చేర్చింది. 1953లో డబుల్‌డే వారి యాంకర్ బుక్స్ వచ్చి, మెత్తని అట్టలోనే కాస్త పెద్ద సైజు, మంచి కాగితం, విద్యార్థులకూ మేధావులకూ పనికొచ్చే శీర్షికలు అన్న రెండో దారి వేసింది. అప్పటి నుంచి ఇంగ్లిషులో పేపర్‌బ్యాక్ రెండు పాయలు: బంకుల్లో అమ్మే "మాస్ మార్కెట్", పుస్తకాల షాపుల్లో అమ్మే "ట్రేడ్". ఈ చీలిక తెలుగు వాదనల్లోకి ఎప్పుడూ సరిగా రాలేదు. సగం గందరగోళం అక్కడే పుట్టింది.

హిందీలో 1958లో దీనానాథ్ మల్హోత్రా హింద్ పాకెట్ బుక్స్‌ను రూపాయి పుస్తకాలతో మొదలుపెట్టారు. తెలుగులో ఆ పని ఎమెస్కో చేసింది. మచిలీపట్నం నాటి ఎం. శేషాచలం అండ్ కంపెనీ పేరులోని పొడి అక్షరాలే ఎమెస్కో అయ్యాయి. 1960లలో ఎం.ఎన్. రావు చేతుల మీదుగా వచ్చిన ఎమెస్కో పాకెట్ బుక్స్, "ఇంటింటా స్వంత గ్రంథాలయం" పథకం పుస్తకాన్ని టపాలో ఇంటికి పంపాయి. ఊళ్లో పుస్తకాల షాపు లేకపోయినా పోస్టాఫీసు ఉంటుంది కదా. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ" లాంటి నవలలు ఇల్లిల్లూ తిరిగాయి. అదే సంస్థ "సంప్రదాయ సాహితి" పేరుతో ప్రబంధాలను పీఠికలతో సహా తక్కువ ధరకు అందించింది. ఈ రెండో సంగతిని పాకెట్ బుక్కుల నిందకులు తరచు మరిచిపోతారు.

ఇంకో పక్క డిటెక్టివ్ పుస్తకాలు. కొమ్మూరి సాంబశివరావు, ఆ తర్వాత "షాడో" మధుబాబు పేర్లు బస్టాండు దుకాణాల తాళ్ల మీద వేలాడాయి. బాపు గీతలున్న అట్టా, తుపాకీ పట్టుకున్న చెయ్యి ఉన్న అట్టా ఒకే తాడు మీద పక్కపక్కనే ఉండేవి.

ఎవరి వాదం ఏమిటి

సౌకర్యం కోసం ఈ వాదాలకు పేర్లు పెట్టుకుందాం. మొదటిది అట్టవాదం. అచ్చు పనివాళ్లు, గ్రంథాలయ సూచికారులు దీనివైపు. పుస్తకం పైన వంగే అట్ట ఉంటే అది పేపర్‌బ్యాక్, వంగకపోతే హార్డ్‌బౌండు, లోపల ఏముందో మాకనవసరం అంటారు. ఐఎస్‌బీఎన్ నియమం కూడా వీళ్ల పక్షమే. ఒకే పుస్తకం రెండు రకాల బైండుల్లో వస్తే రెండు వేరు సంఖ్యలు తీసుకోవాలి. ఇది నిక్కచ్చిగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. కానీ తెలుగులో పెద్దగా పని చేయదు. దాదాపు అన్ని పుస్తకాలూ ఒకే పెట్టెలో పడే వర్గీకరణ చెప్పేదేముంటుంది?

కొలతవాదులు సైజు, ధర చూస్తారు. క్రౌన్‌లో ఎనిమిదో వంతు, అంటే సుమారు ఐదంగుళాల వెడల్పు, ఏడున్నర అంగుళాల పొడవు, లేదా అంతకన్నా చిన్నది అయితే పాకెట్ బుక్. డెమీలో ఎనిమిదో వంతు, అంటే సుమారు ఐదున్నర, ఎనిమిదిన్నర అయితే మామూలు పుస్తకం. పాత పాఠకులలో ఎక్కువమంది తెలియకుండానే ఈ పక్షం. ఈ వాదాన్ని ఒక్క పుస్తకంతో తోసిపుచ్చవచ్చు. గోరఖ్‌పూర్ గీతాప్రెస్ వారి చిన్న భగవద్గీత నిజంగానే జేబులో పడుతుంది, ధరా తక్కువే. దాన్ని పాకెట్ బుక్ అన్నవాళ్లు కనబడరు. పూజగదిలోకి వెళ్లే పుస్తకానికి బస్టాండు పేరు అతకదు.

మూడోది స్థాయివాదం. 1960ల నుంచి 80ల దాకా నవలల ఉప్పెనను చూసి బెదిరిన విమర్శకులు దీన్ని పెంచారు. పాకెట్ బుక్కంటే కాలక్షేపం బఠానీలు, చదివి మడిచి పారేసేది. కలకాలం నిలిచే రచన గట్టి అట్టలో వస్తుంది, లేదా రావాలి. ఈ వాదంలో తిరస్కారం పాలు ఎక్కువైనా, కొట్టిపారేయలేని గమనిక ఒకటుంది: నెలకిన్ని పుస్తకాలు తెస్తామని చందాదారులకు మాటిచ్చిన ప్రచురణకర్త, ఆ లెక్క నింపడానికి రచయితల వెంటపడతాడు. పరుగులో రాసిన నవల పరుగులోనే చదివించుకుంటుంది. ఆ ఒత్తిడిని అట్టకు అంటగట్టడమే ఈ వాదం చేసిన పొరపాటు. వారపత్రికల సీరియళ్ల మీద కూడా అదే ఒత్తిడి ఉంది, వాటికి అట్టే లేదు.

చివరిది మార్గవాదం, ఈ సమీక్ష మొగ్గు చూపేది. పుస్తకం పాఠకుడిని ఏ దారిన చేరిందన్నదే దాని రకాన్ని తేల్చుతుందంటుంది. గుజిలీ ప్రతి, రైలు నవల, చందా పుస్తకం, బస్టాండు డిటెక్టివ్ అన్న పేర్లన్నీ దారుల పేర్లే. అయితే దీనికీ చిక్కుంది. ఒకే పుస్తకం మూడు దారుల్లో వెళ్తే మూడు రకాలవుతుందా? అవుతుందనే ఒప్పుకోవాల్సి వస్తుంది. సూచికలు తయారుచేసేవాళ్లకు అది నచ్చదు.

లెక్కకు లొంగని పుస్తకాలు

ఈ వాదాలన్నిటినీ పరీక్షకు పెట్టేవి సరిహద్దు మీద ఉన్న పుస్తకాలు.

సోవియట్ పుస్తకాలు అన్నిటికన్నా ఇబ్బంది పెడతాయి. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయం, 1980లలో రాదుగ అచ్చేసిన తెలుగు అనువాదాలు చాలావరకు గట్టి అట్టవి, కుట్టుబైండువి, కాగితం దళసరి. ధర చూస్తే మన సాదా ప్రతికన్నా తక్కువ. ఉప్పల లక్ష్మణరావు వంటి అనువాదకులు మాస్కోలో కూర్చుని చేసిన ఈ పుస్తకాలు విశాలాంధ్ర ప్రచురణాలయం (1953) శాఖల ద్వారా, వ్యాన్ల ద్వారా, పుస్తక ప్రదర్శనల ద్వారా జిల్లాలన్నీ తిరిగాయి. గట్టి అట్ట ఖరీదైనది, మెత్తని అట్ట ప్రజలది అన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది. ఆ ధర వెనక ఒక రాజ్యం డబ్బుందన్నది నిజమే. 1991 తర్వాత ఆ అట్టలూ లేవు, ఆ ధరలూ లేవు.

వామపక్ష ఉద్యమం సొంతంగా వేసుకున్నవి మాత్రం పల్చని పుస్తకాలే. వావిళ్ల ఉన్న విడవలూరు మండలంలోనే అలగానిపాడు ఉంది, పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన ఊరు. ఆయన "విశాలాంధ్రలో ప్రజారాజ్యం" 1946లో వచ్చింది. రెబాలలో పుట్టి కావలి జవహర్ భారతిలో పాఠం చెప్పిన కె.వి. రమణారెడ్డి సభ్యుడిగా ఉన్న విరసం (విప్లవ రచయితల సంఘం) 1970 నుంచి సభల్లో బల్లల మీద పరిచి అమ్మినవీ ఎక్కువగా అలాంటివే. వీటిని "చిన్న పుస్తకాలు" అంటారు, "కరపత్రం కన్నా పెద్దవి" అంటారు, పేపర్‌బ్యాక్ మాత్రం అనరు. అట్టవాదం లెక్కలో ఇవీ షాడో నవలలూ ఒకటే. ఆ మాట ఏ పక్షం వాళ్లకు చెప్పినా కోపం వస్తుంది! ఇరవై కిలోమీటర్లు తిరగకుండానే ఒక వైపు పండిత ముద్రణకూ మరో వైపు ఉద్యమ ముద్రణకూ మూలపురుషులు దొరకడం నెల్లూరు తీరం విశేషం.

పత్రికల వాళ్లు ఇంకో చిక్కు తెచ్చిపెట్టారు. 1978లో మొదలై 2021 దాకా అచ్చులో నడిచిన "చతుర" ప్రతి నెలా ఒక నవల. చేతికి అది పుస్తకం, రిజిస్ట్రేషన్‌కు అది పత్రిక, దాచుకున్నవాళ్ల బీరువాలో మళ్లీ పుస్తకం. "స్వాతి" మాసపత్రిక ఇచ్చిన అనుబంధ నవలను విడదీసి విడిగా కుట్టుకున్నవాళ్లు ఎందరో. వారపత్రిక నుంచి సీరియల్ కాగితాలు చింపి, వారం వారం పోగేసి, చివరికి బైండు చేయించిన పుస్తకాల సంగతి సరేసరి. వాటిలో అక్కడక్కడా వంటనూనె ప్రకటనో సినిమా బొమ్మో సగానికి తెగి కనిపిస్తుంది. అట్ట గట్టిది, కాగితం న్యూస్‌ప్రింట్, ప్రచురణకర్త ఆ ఇంటి ఇల్లాలు. సూచిక ఏదైనా దీన్ని ఏ గడిలో పెడుతుంది?

కుట్టూ జిగురూ

అట్ట గురించి ఇంత తగాదా నడిచినా, పుస్తకం బతుకును తేల్చేది అట్ట కాదు, దాని వీపు. ఫారాలను మడిచి, ఒక్కో మడతనూ దారంతో కలిపి కుడితే అది కుట్టుబైండు. అలాంటి పుస్తకానికి మెత్తని అట్ట ఉన్నా యాభై ఏళ్లు నిలుస్తుంది. మడతల వీపు కోసేసి, విడి కాగితాల అంచులను గరుకు చేసి, వేడి జిగురు పూసి అట్ట అంటిస్తే అది గమ్ బైండు. ఇవాళ తెలుగులో వచ్చేవాటిలో ఎక్కువ ఇవే. బల్ల మీద పెట్టి రెండుగా విరిచి తెరిస్తే మధ్య కాగితం ఊడి చేతికొస్తుంది. అట్ట గట్టిదైనా లోపల గమ్ బైండే అయితే అదే గతి. పెద్ద ధర పెట్టి కొన్న హార్డ్‌బౌండు సంపుటాల్లో కూడా ఈ మోసం ఉంటోంది.

నెల్లూరు, కావలి, గూడూరు లాంటి చోట్ల ఇది ఇంకా ముదురుతుంది. ఈ తీరానికి ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడుతుంది. గాలిలో తేమకు కాగితం ఉబ్బుతుంది, వేసవి ఎండకు ముడుచుకుంటుంది. జిగురు ఆ లాగుడు ఎన్నేళ్లో తట్టుకోదు. పాకెట్ బుక్కులకు వాడిన న్యూస్‌ప్రింట్ అయితే దానంతటదే పసుపెక్కి పెళుసవుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను లాంటివి వచ్చినప్పుడు అట్ట గట్టిదా మెత్తదా అన్న తేడా ఏమీ మిగలదు. తడిసిన కాలికో అట్ట ముందు ఉబ్బి, ఆ తర్వాత ఒంకర తిరిగి లోపలి పుస్తకాన్ని కూడా లాగేస్తుంది. మెత్తని అట్ట పుస్తకాన్ని కనీసం విప్పి ఆరబెట్టుకోవచ్చు.

అద్దె పుస్తకాల షాపుల వాళ్లు దీనికి తమ విరుగుడు తాము కనిపెట్టారు. కొత్త నవల రాగానే దళసరి అట్ట ముక్కలు రెండు ముందూ వెనకా పెట్టి, దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి, మందపాటి దారం దూర్చి బిగించేవారు. వీపున గుడ్డపీలిక అంటించే మైదా జిగురులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. ఆ కుట్టుకు లోపలి మార్జిను అరంగుళం పోతుంది. కుడి పేజీలో ప్రతి పంక్తి మొదటి అక్షరం, ఎడమ పేజీలో చివరి అక్షరం మడతలో దాక్కుంటాయి. పాఠకులు ఊహించుకుని చదివేసేవారు. పుస్తకం మాత్రం వందల చేతులు మారినా చెక్కుచెదరదు. గ్రంథాలయాల బైండింగూ దాదాపు ఇంతే. అక్కడ పోయేది ఇంకొకటి: అసలు అట్ట. బాపు వేసిన ముఖచిత్రాలెన్నో ఇలా బైండరు కత్తెర కింద చెత్తబుట్టలో పడ్డాయి. పాకెట్ బుక్కుల అట్టల చరిత్ర రాయబోయేవారికి గ్రంథాలయాలు పనికిరావు. పాత పుస్తకాల వ్యాపారులను ఆశ్రయించాల్సిందే.

పక్కపక్కన పెట్టి చూస్తే

అట్టవాదం పుస్తకాన్ని చేత్తో తడిమి చెబుతుంది. అందుకే తప్పు చెప్పదు, అందుకే పెద్దగా ఏమీ చెప్పదు. కొలతవాదం 1960-85 మధ్య నవలలకు చక్కగా సరిపోతుంది, ఆ ముందూ వెనకా తడబడుతుంది. స్థాయివాదం ఒక నిజమైన ఆందోళనను తప్పు వస్తువుకు అంటించింది. ఎమెస్కో ప్రబంధాలు, 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన "ఏడు తరాలు" వంటి అనువాదాలు దాన్ని ఇప్పటికే కాదనిపించాయి. మార్గవాదానికి ఇవన్నీ లొంగుతాయి గానీ అది కాలంతో పాటు మారుతూ ఉంటుంది. దారి మూసుకుపోతే పేరు కూడా పాతబడుతుంది. ఇవాళ్టి పిల్లలకు "రైలు నవల" అంటే రైళ్ల గురించిన నవల అనిపించవచ్చు.

ఇంగ్లిషు మాటను తెచ్చుకోవడంలో జరిగిన నష్టం కూడా ఇక్కడే కనిపిస్తుంది. సాదా ప్రతి అన్నప్పుడు ఇంకో ప్రతి ఉందని తెలిసేది. పాకెట్ బుక్ అన్నప్పుడు ఒక అంగడి, ఒక పాఠకలోకం కళ్లముందు మెదిలేవి. పేపర్‌బ్యాక్ అన్నదానికి తెలుగులో ఆ రెండు పనులూ చేతకావడం లేదు. ఇంగ్లండులో, అమెరికాలో గట్టి అట్ట ముద్రణ ముందొచ్చి, ఏడాదికో ఏడాదిన్నరకో మెత్తని అట్ట వస్తుంది కాబట్టి అక్కడ ఆ మాటకు వరసలో ఒక చోటుంది. మనకు ఆ వరసే లేదు.

తేలకుండా ఉన్నవి

మార్గవాదం నిజమైతే, ఇప్పుడు దారులు మారుతున్న తీరు చూస్తే కొత్త పేర్లు రావాలి. అడిగినన్ని ప్రతులే అచ్చేసే డిజిటల్ పద్ధతిలో ఇప్పుడు యాభై, వంద ప్రతులకు కూడా పుస్తకం వస్తోంది. సైజు డెమీ, కాగితం తెల్లగా దళసరిగా, అట్ట మెరుస్తూ, ధర మాత్రం పాకెట్ బుక్ వంశానికి చెందదు. అమెరికాలో మాస్ మార్కెట్ పుస్తకాల పంపిణీలో పెద్దదైన రీడర్‌లింక్ సంస్థ 2025 చివరితో ఆ రకం పంపిణీ మానేస్తానని ప్రకటించింది. మన బస్టాండు తాళ్లు అంతకన్నా ముందే ఖాళీ అయ్యాయి. ఈ కొత్త పుస్తకం ట్రేడ్ పేపర్‌బ్యాకా, లేక సాదా ప్రతికి మనవరాలా అన్నది ఇంకా ఎవరూ గట్టిగా చర్చించలేదు.

టపా దారి సంగతి ఇంకా క్లిష్టం. ఎమెస్కో కాలం నుంచి తెలుగు ప్రచురణకు ఊపిరి పోసిన చవక బుక్‌పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది. టపాలో బరువు పెరిగినకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. గట్టి అట్ట ఒక్కటే పుస్తకం బరువును బాగా పెంచుతుంది. మెత్తని అట్టకు ఇది కొత్త బలమా, లేక చిన్న ప్రచురణకర్తలకు అసలుకే దెబ్బా అన్నది ఇంకో రెండు మూడేళ్లకుగానీ తెలియదు.

గ్రంథాలయాల కొనుగోళ్లలో ఏ బైండు అడగాలన్న విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. గట్టి అట్ట కోరితే ధర పెరిగి తక్కువ పుస్తకాలొస్తాయి. మెత్తని అట్ట తీసుకుంటే బైండు ఖర్చు తర్వాత వస్తుంది, ముఖచిత్రం పోతుంది. మధ్యేమార్గం ఒకటుంది: కుట్టుబైండు, మెత్తని అట్ట. మాస్కో కుట్టు నేర్పిన పాఠం అది. అయితే కుట్టే యంత్రాలున్న అచ్చాఫీసులు తగ్గుతున్నాయి, చేత్తో కుట్టేవాళ్లు అంతకన్నా వేగంగా తగ్గుతున్నారు.

కొనేవాళ్లకు ఆ మధ్యేమార్గాన్ని ఎంచుకునే వీలు కూడా ఇప్పుడు లేదు. తెలుగు పుస్తకం రెండో పేజీలో అచ్చాఫీసు పేరుంటుంది, డీటీపీ చేసినవారి పేరుంటుంది, ముఖచిత్రకారుడి పేరు, ప్రతులు దొరికే చోటు, ఫోన్ నంబరు ఉంటాయి. కుట్టుబైండో గమ్ బైండో చెప్పే మాట చాలావాటిలో ఉండదు. ఒకప్పుడు సాదా, కాలికో అని రెండు వెలలు వేసినచోట ఆ ఒక్క మాట వేయడానికి అదనపు ఖర్చేమీ లేదు. ప్రచురణకర్తలెవరైనా ఆ పని మొదలుపెడితే, సూచికారులకు కూడా పేపర్‌బ్యాక్ అన్న మాట పక్కన రాసుకోవడానికి పనికొచ్చే వివరం ఒకటి దొరుకుతుంది.